కాంటనీసు నగరమున ఉపాధ్యాయ జీవనము
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ గోదావరీతీరమున, రాజమహేంద్రవరమున, ఇందఱు పెద్దలు కూడిన సభలో మాట్లాడుటకు అవకాశ మొసగిన కార్యవర్గమువారికి కృతజ్ఞులము. "మీరు పరదేశమున పదునెనిమిదేండ్లు ఉపాధ్యాయులుగా నుంటిరి. అచ్చట నేర్పినదియు నేర్చినదియు మనవారికి చెప్పవలెను" అని కార్యదర్శిగారు కోరిరి. నేర్పినదానిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. మేము చెప్పినది గణితము. అది ఏ దేశమందైనను ఒక్కటే. నేర్చినదే అధికము. కావున దానినే విన్నవింతుము.

మేము 1996 మొదలు 2014 వఱకు హాంకాంగు నగరమునందలి యొక మాధ్యమిక పాఠశాలలో పని చేసితిమి. ఆ నగరవాసుల వాడుకభాష కాంటనీసు. చైనాదేశపు దక్షిణభాగమున కాంటను అని మనవారు పూర్వమునుండి పిలుచు గ్వాంగ్‌జౌ నగరమే ఆ భాషకు పుట్టినిల్లు. అచ్చట గడపిన కాలమంతయు మాకు బోధించిన విషయ మొక్కటి: పరదేశమున గురువు కాబోవువాడు మొదట ఆ దేశమునకు శిష్యుడు కావలెను. తక్కినదంతయు ఈ మాటకు వివరణము మాత్రమే.

మన రేవులు

సముద్రము మనకు క్రొత్త కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియగుటకు ముందును తరువాతను మన డెల్టా ప్రజలు కోరంగి, కాకినాడ రేవులలో ఓడలెక్కి తూర్పుదేశములకు పోవుచునే యుండిరి. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ధ్వంసము చేసినవి. ఆ రేవు పేరు మాత్రము రంగూనులో నిలిచినది. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలుచుట దానినిబట్టియే. 1931 జనాభాలెక్కల నాటికి రంగూను జనులలో సగమునకు మించి భారతీయులే. వారిలో మనవారు రేవులో బరువులు మోసిరి, ధాన్యపు మిల్లులలో పని చేసిరి, రిక్షాలు లాగిరి. 1930 మేనెలలో రేవుకూలీలపై జరిగిన దొమ్మీలలో ప్రాణములు గోల్పోయిరి. 1942లో జపాను సేనలు రాగా వేలకొలది కుటుంబములు అడవిదారులబట్టి కాలినడకను స్వదేశమునకు బయలుదేరినవి. దారిలోనే రాలిపోయినవారు అనేకులు.

మలయాకు పోయినవారు రబ్బరుతోటలలోను కొబ్బరితోటలలోను కుదిరిరి. పేరా రాష్ట్రమందలి బాగన్ దాతో ప్రాంతమున తెలుగు కుటుంబములు ఒక్కచోట వసించి, తోటలలో తెలుగు బడులు పెట్టుకొనినవి. 1955లో అచ్చట మలయా ఆంధ్ర సంఘము వెలసినది; నేటి మలేషియా తెలుగు సంఘ మదియే. ఆ దేశమందలి కౌలాలంపూరు, ఈపో నగరములలోని చైనావారు మాట్లాడునది ముఖ్యముగా కాంటనీసే. కావున కాంటనీసువారి పొరుగున తెలుగువారు కాపురముండుట మాతో మొదలైనది కాదు.

సముద్రము దాటినవానిని పంక్తిలో కూర్చుండనీయక ప్రాయశ్చిత్తము విధించిన దినములు మన పూర్వులకు తెలియును. నేడు ఆ యడ్డంకి లేదు. మన సంఘములోని కుటుంబములలో పరదేశమున నొక్క బిడ్డయైనను లేని యిల్లు అరుదు. పోవచ్చునా, పోరాదా యను ప్రశ్న తీఱినది. పోయి యెట్లు బ్రదుకవలె ననునదే మన యెదుట నున్న ప్రశ్న.

పూర్వాచార్యులు

ఈ ప్రశ్నకు మాకు దొరికిన ఉత్తమమైన సమాధానము పదునాలుగు వందల యేండ్లకు పూర్వపుది. ఉజ్జయినిలో 499వ సంవత్సరమున జన్మించిన పరమార్థుడను బౌద్ధపండితుడు 546లో ఓడపై కాంటను తీరమున దిగెను. 548లో రాజధానికి పోయి చక్రవర్తి దర్శనము చేసికొనెను. ఆ యేడే దేశమున తిరుగుబాటు చెలరేగి, మఱుసటి యేట చక్రవర్తి మరణించెను. ఆశ్రయము పోయిన పరమార్థుడు ఊరూరు తిరుగుచు, వ్రాతప్రతులు మోసికొనుచు, దొరికిన చోట అనువాదము సాగించెను. విసిగి స్వదేశాభిముఖుడై ఓడ యెక్కగా ఎదురుగాలి ఆ యోడను 562లో మరల కాంటనుకే చేర్చినది. ఆ నగరముననే తుదివఱకు నిలిచి, శిష్యులను చేర్చుకొని, శాస్త్రములు బోధించి, 569లో దేహము చాలించెను.

ఈ చరిత్రలో మన గోదావరిమండలమునకును భాగము కలదు. పరమార్థుడు చైనాభాషలోనికి తెచ్చిన గ్రంథములలో దిఙ్నాగుని "ఆలంబనపరీక్ష" యొకటి. 7వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగు ఆంధ్రదేశపు రాజధానియగు వేంగిని వర్ణించుచు, దాని సమీపముననున్న ఏకాకియగు కొండపై దిఙ్నాగుడు తర్కశాస్త్రము రచించెనని వ్రాసెను. ఆ వేంగియే నేడు ఏలూరు జిల్లాలోని పెదవేగి. ఆంధ్ర శాతవాహన రాజునకు నాగార్జునుడు చేసిన హితోపదేశమని ప్రసిద్ధికెక్కిన "రత్నావళి"ని చైనాభాషలోనికి మార్చినవాడును పరమార్థుడే. మన పొలముల నడుమ పుట్టిన తర్కము ఆ మహానీయుని చేతిమీదుగా సముద్రము దాటినది.

ఆయన శిష్యుడొకడు వ్రాసిన పీఠికవలన ఒక సంగతి తెలియుచున్నది. గురువు ఆ దేశమున చిరకాలము తిరిగి, అచ్చటి పలుకుల ధ్వనిని, అర్థమును చక్కగా గ్రహించుటచే, అనువాదమునకు నడుమ దుబాసీ యక్కఱలేకపోయెనట. దిగినప్పుడు ఆయన వయస్సు నలుబదియేడేండ్లు. ఆ వయస్సున అక్షరాభ్యాసము మొదలుపెట్టిన మహాపండితుని తలచుకొన్నప్పుడు, ఇరువది యైదేండ్ల మన పట్టభద్రుడు "ఆ భాష మనకు రాదులెండు" అనుట యెంత చిన్నతనమో తోచును.

కాంటనునకు పోయిన మనవారందఱును పుస్తకము పట్టుకొని పోలేదు. నల్లమందు వ్యాపారమును నిలుపుకొనుటకై ఆంగ్లేయులు చేసిన యుద్ధమున, 1841 మేనెలలో, కాంటను వెలుపలి సన్యువాన్‌లీ గ్రామమువద్ద 37వ మద్రాసు దేశీయ పదాతిదళమువారు గాలివానలో చిక్కుకొనిరి. మందుగుండు తడిసి తుపాకులు పేలలేదు. గ్రామస్థులు ఈటెలతో చుట్టుముట్టిరి. ఆనాటి మద్రాసు సైన్యమున తెలుగు సిపాయిలు పెక్కండ్రు. చైనా బాలురు ఆ గ్రామపు కథను పాఠ్యపుస్తకములలో చదువుకొందురు. మా విద్యార్థియొకడు ఆ పాఠము చదివివచ్చి, "మీ దేశమువారేనా?" అని మమ్ము ప్రశ్నించెను. అవునంటిమి. పిదప పరమార్థుని కథ చెప్పితిమి. ఆ రెండును సత్యములే యని ఒప్పుకొనుట ఉపాధ్యాయునకు తగిన పని.

ఆ నగరము, ఆ భాష

హాంకాంగు ద్వీపము 1842 నాటి సంధివలన ఆంగ్లేయుల వశమైనది. 1997 జూలై 1వ తేదీన ఆ నగరము చైనాకు తిరిగి చేరినది. ఆ మార్పు మా కన్నులయెదుటనే జరిగినది. కొండలకును సముద్రమునకును నడుమ ఇఱుకైన నేలపై సుమారు డెబ్బదియైదు లక్షల జనులు నివసింతురు. అచ్చటి విశ్వవిద్యాలయము 1912లో తెఱువబడినది. దాని ప్రధానభవనమునకు ధనమిచ్చినవాడు బొంబాయినుండి వచ్చిన పారశీక వర్తకుడు హర్ముస్జీ మోదీ. పరదేశమున ధనమార్జించి, ఆ దేశపు బిడ్డల చదువునకే దానిని వెచ్చించిన ఆ మహనీయుని విగ్రహమును చూచినప్పుడెల్ల మాకు మన దాతలు జ్ఞప్తికి వచ్చుచుండిరి.

2021 జనగణన ప్రకారము, అయిదేండ్లు దాటిన హాంకాంగు వాసులలో నూటికి ఎనుబది యెనిమిదిమంది నిత్యవ్యవహారమున కాంటనీసే పలుకుదురు. ఆ భాష మన చెవికి మొదట గానమువలె నుండును. ఒక్క "సీ" అను పలుకును ఆఱు స్వరములలో పలికిన ఆఱు మాటలగును: కవిత, చరిత్ర, ప్రయత్నము, కాలము, అంగడి, పని. స్వరము తప్పినచో కాలమునడిగినవానికి అంగడి చూపుదురు. ఇంకొక చిక్కు కలదు. మన తెలుగు అజంతభాష. పదము చివర అచ్చు లేనిదే మన నాలుక విశ్రమింపదు. కాంటనీసులోనో, ప, త, క యను హల్లులు పదాంతమున నోటిలోనే ఆగిపోవును. మన తెలుగువాడు వాని చివర ఒక ఉకారము తగిలించును, వినువారు నవ్వుదురు. ఆ పదాంతపు హల్లులు పరమార్థుని నాటి చైనాభాషయందును కలవనియు, ఉత్తరభాషలు వానిని విడిచినను కాంటనీసు నిలుపుకొన్నదనియు భాషావేత్తలు చెప్పుదురు. ఉత్తరమున "ఫో" అని పలుకు బుద్ధుని పేరు ఇచ్చట "ఫత్" అని వినబడును. మన "బుద్ధ" శబ్దపు తుది హల్లు అందు ఇంకను మ్రోగుచున్నది.

మాకు ఆ భాష ఆప్తమైనది అన్నమువలన. ఆంగ్లభాషలో పొలమునందలి పైరునకును, గాదెలోని గింజకును, కంచములోని మెతుకునకును ఒక్కటే మాట. మనకు వరి, వడ్లు, బియ్యము, అన్నము వేఱువేఱు. కాంటనీసువారికిని అట్లే: పొలములో "వో", వడ్లు "కుక్", బియ్యము "మై", అన్నము "ఫాన్". ఇది డెల్టాప్రజల సంపద. ముత్యాలనది సముద్రమున గలియుచోట వారి డెల్టా, గోదావరి గలియుచోట మనది. అచ్చటి కృషీవలులు చెఱువుగట్లపై మల్బరీ పెంచి, ఆకు పట్టుపురుగులకు వేసి, పురుగుల వ్యర్థమును చేపలకు వేసి, చెఱువు బురదను తిరిగి మల్బరీ మొదట పోసి, ఏమియు వృథాకానీయక శతాబ్దములు సాగుచేసిరి. భీమవరము, కొల్లేరు ప్రాంతముల చేపలచెఱువుల రైతులు ఈ పద్ధతిని విన్నచో ఆలోచింపదగినది కొంత కలదు.

వారు ఎదురుపడినప్పుడు వేయు కుశలప్రశ్న "సిక్ చో ఫాన్ మేయ్?" అనునది; అన్నము తిన్నారా యని యర్థము. మన యింట మాత్రము వచ్చినవారిని మొదట అడుగు మాట యేది? కృతజ్ఞతకు వారికి రెండు మాటలు. చేసిన సహాయమునకు "మ్ కోయ్", ఇచ్చిన కానుకకు "తో చె". ఒకదానికి మాఱుగా ఇంకొకటి యన్నచో క్రొత్తవాడని తెలిసిపోవును. గురువునకు వారి పాతమాట "సిన్ సాంగ్". దాని అక్షరార్థము ముందు పుట్టినవాడు.

మేము అచ్చట చేరిన యేడే, 1996 నవంబరు 6వ తేదీన, తుపాను మన కోనసీమను ఊడ్చివేసినది. మా బంధువులు ఇద్దఱు గతించిరి. పాఠశాలలోని తోటి యుపాధ్యాయులు అంతవఱకు మాతో పెద్దగా మాటలాడినవారు కారు. వార్త తెలిసిన మఱునాడు ఒక్కొక్కరు వచ్చి, తెల్లకవరులో ధనముంచి మా బల్లపై పెట్టి, తల వంచి పోయిరి. శుభమునకు ఎఱ్ఱకవరు, మరణమునకు తెల్లకవరు వారి యాచారము. తెఱచి చూడగా ప్రతిదానియందును నూటొక్కటి, అయిదువందల యొక్కటి. మనము శుభకార్యమున నూటపదాఱు చదివించునట్లు, వారు దుఃఖమున బేసిసంఖ్య యుంచుదురు.  కాకినాడ రేవున ప్రమాదసూచిక యెగురవేయునట్లు అచ్చటను అంకెలతో సూచికలు ప్రకటింతురు. ఎనిమిదవ సూచిక వచ్చినచో బడులు మూసివేయుదురు. గాలికి బెదరిన జనమునకు గాలిలో నష్టపోయినవాని బాధ చెప్పనక్కఱలేదు. ఆనాడే మేము వారి భాషను శ్రద్ధగా నేర్చుకొనుటకు సాయంకాలపు తరగతిలో చేరితిమి.

పాఠశాల

ఆ బాలురు గణితమున చుఱుకైనవారని లోకమున ప్రసిద్ధి. కారణములలో ఒకటి వారి సంఖ్యావాచకములందే కలదు. పదునొకటిని "సప్ యత్", అనగా పది‑ఒకటి యందురు. ఇరువది "యీ సప్", రెండు‑పది. మినహాయింపు లేదు. ఏడెనిమిదులు "ఛత్ పాత్, ఙ సప్ లుక్" అని అయిదు పలుకులలో ముగియును. వారి యెక్కములు తొమ్మిదితో ఆగును. మన వీధిబడులలో ఇరువదవ యెక్కము వఱకు వల్లెవేయించెడివారని చెప్పగా తరగతియంతయు నోరు తెఱచినది. మఱునాడు పదుమూడవ యెక్కము నేర్చివచ్చి మాకు అప్పగించిన బాలికయు కలదు.

బోధనాభాషను గూర్చిన తగవు మేము పోయిన రెండేండ్లకే వచ్చినది. అంతవఱకు మాధ్యమిక పాఠశాలలు పెక్కు పేరునకు ఆంగ్లమాధ్యమములు. పుస్తకము ఆంగ్లము, పరీక్ష ఆంగ్లము, ఉపాధ్యాయుని నోట వివరణము మాత్రము కాంటనీసు. 1998 సెప్టెంబరునుండి ప్రభుత్వము మాతృభాషయందే బోధింపవలెనని విధించి, 114 పాఠశాలలకు మాత్రము ఆంగ్లమున బోధించుటకు అనుమతించినది. ఆ జాబితాలో లేని బడుల తలిదండ్రులు తమ బిడ్డలకు రెండవ తరగతి చదువు లభించెనని వగచిరి. 2010లో ఆ నియమమును సడలించిరి.

ఈ కథ మనకు పరాయిది కాదు. మన రాష్ట్రమున 2019లో ప్రభుత్వ పాఠశాలలన్నిట ఆంగ్లమాధ్యమమును విధించుటకు ఉత్తరువు వెలువడగా, 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ వాదములో ప్రవేశించుట మా యుద్దేశము కాదు. ఉపాధ్యాయులుగా మేము చూచినది చెప్పుదుము. మా బడి ఆంగ్లమాధ్యమమే. ఒక లెక్క యిచ్చి నిశ్శబ్దముగా నిలిచి వినినచో, బాలురు పెదవులు కదల్చుచు కాంటనీసులో లెక్కించి, జవాబును ఆంగ్లములో వ్రాసెడివారు. ఆలోచన పుట్టు భాష యొకటి, ఒప్పగించు భాష యొకటి. బాలుడు ఎచ్చట తడబడెనో తెలిసికొనవలెనన్నచో మొదటి భాష గురువునకు తెలిసియుండవలెను. మేము ఆ లెక్కింపును చెవితో పట్టగలిగిన నాటినుండి మా తరగతిలో తప్పినవారి సంఖ్య తగ్గినది. ఆ యేండ్లలో మా బోధనాపద్ధతి మాఱలేదు. మాఱినది మా చెవి.

2003లో సార్స్ వ్యాధి ఆ నగరమును పట్టినది. 1,755 మందికి సోకి, 299 మంది మరణించిరి. మార్చి చివర బడులు మూసివేసిరి. కొన్ని వారములు మేము టెలిఫోనులో పాఠములు చెప్పితిమి. ఫోను ఎత్తునది తఱచుగా అమ్మమ్మ. ఆమెకు ఆంగ్లము రాదు. "అన్నము తిన్నారా?" అని అడిగి, పిల్లవానిని పిలువుడనుటకు మా కాంటనీసు చాలినది. ఆ ముసలమ్మలలో కొందఱు మమ్ము పేరుపెట్టి దీవించిరి.

ఇక ఆ నగరమున మమ్ము మిక్కిలి కలతపెట్టిన విషయము. హాంకాంగులో పుట్టి పెరిగిన నేపాలీ, పాకిస్తానీ, భారతీయ బాలురు వేలకొలది కలరు. వారిలో కొందఱి తాతలు ఆంగ్లేయుల సైన్యమున గూర్ఖాలుగా, పోలీసులుగా వచ్చినవారు. ఈ బిడ్డలు ఎక్కువభాగము కొలదిపాటి బడులలో వేఱుగా చదివెడివారు. చైనా లిపి సరిగా వచ్చెడిది కాదు. మా యొద్ద ప్రత్యేకముగా లెక్కలు చెప్పించుకొనిన నేపాలీ బాలుడొకడు త్రికోణమితిలో తరగతికెల్ల మొదటివాడు. అగ్నిమాపకదళమున చేరవలెనని వాని కోరిక. దరఖాస్తుపత్రము తెచ్చి, "మాస్టారూ, ఇది చదివిపెట్టుడు" అని మా యెదుట పెట్టెను. పుట్టిన యూరి దరఖాస్తు వాడు చదువలేడు. వాడు మందబుద్ధి కాడు, సోమరి కాడు. వానికి ఆ లిపిని రెండవభాషగా క్రమముగా నేర్పు పాఠ్యక్రమమే చిరకాలము లేకపోయినది. అట్టి బడులను వేఱుగా నిర్దేశించు పద్ధతిని 2013లో విరమించిరి. 2014లో చైనాభాషను రెండవభాషగా నేర్చువారికి ప్రత్యేక పాఠ్యక్రమము వచ్చినది. వానికి మాత్రము అప్పటికే ఇరువదియేండ్లు దాటినవి. సరకుల గిడ్డంగిలో పని చేయుచుండెను. వేఱుగా నుండుట సుఖమని తలచిన సంఘము తన బిడ్డలకు ఏ ద్వారములు మూయుచున్నదో వానివలన మాకు తెలిసినది.

వారి వంశములు, వారి నిధులు

ఇది కులసంఘసభ గనుక, వారి వంశసంఘములను గూర్చి రెండు మాటలు చెప్పుట ఉచితము. హాంకాంగు ఉత్తరభాగపు పల్లెలలో అయిదు మహావంశములు ప్రసిద్ధములు. అందు తాంగు వంశమువారిది పెద్దది. పూర్వికుల పేర పొలములుంచి, వాని యాదాయముతో పితృపూజలు, వంశపు బిడ్డల చదువు జరుపుట వారి యాచారము. ఆ వంశమువారు పింగ్‌షాన్ గ్రామమున 1870లో కట్టిన కున్‌టింగ్ విద్యాశాలను మేము చూచితిమి. చెక్కడపు పనితో కూడిన చక్కని భవనము. తమ కుమారులు చక్రవర్తి కొలువు పరీక్షలలో గెలువవలెనని దానిని కట్టిరి. 1905లో ఆ పరీక్షలు రద్దైనవి. నేడు అది చూడవచ్చువారికి చరిత్రస్మారకము.

అదే 1870లో నగరమందలి చైనా వర్తకులు చందాలు వేసికొని తుంగ్ వా వైద్యశాలను స్థాపించిరి. 1880లో ఒక ఆలయము ప్రక్కన, బీదబాలుర కొఱకు ఉచిత పాఠశాల తెఱచిరి. నీ వంశమేది యని అడుగలేదు. ఆ సంస్థ నేటికిని అనేక వైద్యశాలలను, పాఠశాలలను నడపుచున్నది. రెండింటిని కట్టినవారును ధర్మాత్ములే, రెండింట వెచ్చించినదియు కష్టార్జితమే. ఒకదాని తలుపు ఒక వంశమునకు తెఱచినది, రెండవదాని తలుపు వీధికి తెఱచినది. సభవారు ఈ భేదమును మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థన. 1874లో ధవళేశ్వరమున బాలికల బడి తెఱచిన వీరేశలింగము పంతులుగారి నేలపై ఈ మాట చెప్పుటకు మాకు సంకోచము లేదు.

మన బిడ్డలు

కాంటనీసువారు ఎచ్చటికి పోయినను తమ భాషను వెంట గొనిపోయిరి. కౌలాలంపూరునను, శాన్‌ఫ్రాన్సిస్కోలోను, వాంకూవరులోను ఆ పలుకులు వీధులలో వినవచ్చును. సంగీతనాటకములు, చలనచిత్రములు, పత్రికలు, వారాంతపు బడులు దానికి ఊతములు. మన రంగూను తెలుగు ఏమైనదో మీ రెఱుగుదురు. మలేషియాలో తోటల బడులు మూతపడినకొలది తెలుగు అక్షరము క్రమముగా మఱుగుపడినది. నిలువబెట్టుటకు అచ్చటి సంఘమువారు పాటుపడుచున్నారు. హాంకాంగులోను తెలుగు సమాఖ్య యేర్పడి, పిల్లలకు తెలుగు బడిని నడపినది. ఒక చిన్న గదిలో పదిమంది బిడ్డలు "అమ్మ, ఆవు" అని దిద్దుచుండగా, కిటికీ క్రింద అంగడివాడు కాంటనీసులో కేకలు వేయుచుండుట మా చెవులలో ఇంకను ఉన్నది. అట్టి బడులలో చదివిన బిడ్డ సెలవులకు వచ్చి, మామ్మగారి యుత్తరమును తానే చదివి వినిపించినచో ఆ యింటి యానందమునకు వెల గట్టగలమా? చదువలేక, "అమ్మా, ఆమె యేమనుచున్నది?" అని తల్లి వంక చూచు బిడ్డలును మన యిండ్లలో ఉన్నారు. ఆ చూపును చూచిన మామ్మగారు మరల ఉత్తరము వ్రాయరు.

కాంటనీసు నేర్చినందువలన మా యింట తెలుగు తగ్గలేదు. వరి, వడ్లు, బియ్యము, అన్నము అను మాటల భేదము ఎంత యమూల్యమో పరాయిభాషలో దానికి జోడు దొరికిన పిమ్మటనే మా బిడ్డలకు తెలిసినది.

విన్నపములు

మహాజనులారా! ఈ యనుభవమునుండి మూడు విన్నపములను సభవారి యాలోచనకు సమర్పించుచున్నాము.

మొదటిది. విదేశవిద్యకును ఉద్యోగమునకును మన విద్యార్థినిధి నుండి సహాయము పొందువారు, తాము పోవు దేశపు ప్రజల వాడుకభాషలో కనీసప్రవేశము సంపాదింపవలెనని నియమము చేయుడు. దానికగు రుసుమును నిధియే భరించుగాక. జర్మనీకి పోవువానికి జర్మను, జపానునకు పోవువానికి జపానుభాష. ఆంగ్లముతో జీతము దొరకును. పొరుగువారి మన్నన మాత్రము వారి భాషతోనే దొరకును.

రెండవది. విదేశములందున్న మన కుటుంబముల బిడ్డలకై వేసవిలో ఒక నెల దినములు మన విద్యార్థివసతిగృహమున తెలుగు నేర్పు ఏర్పాటు చేయుడు. ఉదయము అక్షరములు, సాయంకాలము గోదావరి గట్టు, రేవు, పొలము. పడవ, లంక, ఏటిగట్టు, కాలువ లాకు అను మాటలు పుస్తకములో చదివినదానికంటె చూచి నేర్చినచో మఱవరు. విశ్రాంత ఉపాధ్యాయులు మనలో పెక్కండ్రు కలరు. వేతనము కోరక వచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.

మూడవది కొంచెము కష్టమైనది. మన డెల్టా గ్రామములలో ఇటుకబట్టీలకు ఒడిస్సానుండి కుటుంబములతో వచ్చు కూలీలను చూచుచునే యున్నారు. వారి బిడ్డలకు తెలుగు రాదు. మన బడిలో కూర్చున్నను పాఠము తెలియదు. కొలది దినములలో బడి మానివేయుదురు. హాంకాంగులో ఆ నేపాలీ బాలుడు ఎట్లో, మన యూళ్ళలో వీరట్లు. పరదేశమున మన బిడ్డలను ఆదరింపవలెనని కోరు మనము, మన గడపయొద్దకు వచ్చిన పరదేశి బిడ్డకు అక్షరము చూపకుండుట న్యాయము కాదు. విద్యార్థినిధి యాదాయములో నాలుగవవంతు, కులభేదము పాటింపక, బాలురకును బాలికలకును సమానముగా, ఇట్టివారి చదువునకు వినియోగింపవలెనని మా ప్రార్థన. నిధి మన పెద్దలు మన బిడ్డలకై కూర్చినది గదా యని కొందఱు అభ్యంతరము చెప్పవచ్చును. అది నిజమే. మూడువంతులు మన బిడ్డలకే యుండును. ఆ నాలుగవవంతు మన పెద్దల పేరును మన వంశము వెలుపలివారు తలచుకొనునట్లు చేయును.

ఈ విన్నపములలో లోపములున్నచో పెద్దలు సవరింతురు గాక. కార్యవర్గమువారు మూడవదానిని తీర్మానరూపమున సభ ముందుంచినచో, దానిని బలపఱచు మొదటి చేయి మాది.  మన సంఘము విద్యావంతమై, దానశీలమై వర్ధిల్లుగాక!